గట్టు

ఈ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం ఇక్కడ ఇజ్రాయెల్‌లో నేను చూసుకుంటున్న సవ్తా (హీబ్రూలో అవ్వ అని) దగ్గు కాదు, ఊరి నుంచి అన్నయ్య ఫోను. నా వాటా వదులుకుంటున్నట్లు సంతకం పెట్టవలసిన కాగితాన్ని వాట్సాప్‌లో పంపి, "మీ కిబ్బుట్జ్‌లో అన్నీ అందరివేనట కదా, నీకు పొలమెందుకమ్మా" అని నవ్వాడు. ఇది కిబ్బుట్జ్ కాదు, మోషావ్ అని నాలుగేళ్లుగా చెబుతూనే ఉన్నాను. కిబ్బుట్జ్ అనే సాగు పల్లెల్లో ఆస్తీ సంపాదనా ఉమ్మడివిగా ఉండేవి. ఇక్కడ, మోషావ్ పల్లెలో, ఎవరి సాగు వారిదే, కొనుగోళ్లూ అమ్మకాలూ మాత్రం సహకార సంఘం ద్వారా సాగేవి.

తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదులు 1921లో, అప్పట్లో మలేరియాతో పీడించిన ఈ చిత్తడి నేలలో మా ఈ ఊరు నహలాల్‌ను కట్టుకున్నారు. రిచర్డ్ కౌఫ్మన్ గీసిన పటంలో ఊరు బండిచక్రమే: నడుమ బడి, సంఘం భవనాలు, చుట్టూ ఇళ్లు, ఒక్కో ఇంటి వెనుక నుంచి చక్రం ఆకుల్లా సాగే సమానమైన కమతాలు. కమతాన్ని ముక్కలు చేయకూడదు, పిల్లల్లో ఒక్కరికే దక్కాలి.

వచ్చిన కొత్తలో ఈ కట్టుబాటు నాకు ఎంతో నచ్చింది. మా నాన్న ఏటా దుక్కి సమయంలో పార పట్టి గట్టును ఇటు నుంచి చెక్కేవాడు, చిన్నాన్న అటు నుంచి చెక్కేవాడు. చిన్నప్పుడు అన్నం క్యారియరు ఊపుకుంటూ నడిచిన గట్టు మీద, నేను పదో తరగతికి వచ్చేసరికి చేతులు చాచి అడుగులో అడుగు వేయవలసి వచ్చింది. ఒక వానాకాలం అది తెగి ఇద్దరి నాట్లూ కొట్టుకుపోయాయి. నాన్నమ్మ పెద్దకర్మ నాడు కూడా వారిద్దరూ ఒకే బంతిలో కూర్చోలేదు.

అయితే ఈ మధ్యాహ్నం సవ్తా చిన్న కూతురు హైఫా నుంచి వచ్చింది. భోజనమయ్యాక పెరట్లో, తాను చిన్నతనంలో నాటిన దానిమ్మ చెట్టు నుంచి రెండు కాయలు కోసింది. కమతం దక్కిన అన్నగారి భార్య కిటికీలోంచి, "ఎన్ని కోశావు?" అని మామూలుగానే అడిగింది. ఆమె ఒకటి గోడ మీద పెట్టేసి, రెండోది నా చేతిలో పెట్టి, బస్సుకు వెళ్లిపోయింది. కాయ తియ్యగానే ఉంది.

ఇక్కడ చెక్కుకోవడానికి గట్టయినా లేదు. రేపు అన్నయ్యకు ఫోను చేసి, నా వాటా ఎన్ని సెంట్లో, ఆ గట్టు ఎవరి వైపు పడిందో ముందుగా అడగాలి.