ఒకే ట్యూన్, రెండు పాటలు

ఇస్త్రీ చేస్తూ ఫోన్లో ఇంగ్లిష్ బ్యాండ్ బీటిల్స్ పాటలు పెట్టుకున్నా. గిటార్ మొదలవగానే 'ఓహో, జెలస్ గై' అనుకుని కూనిరాగం తీస్తున్నా. తీరా చూస్తే ఆ బ్యాండులోని జాన్ లెనన్ రిషికేశ్ దారి గురించి పాడుతున్నాడు! ఇస్త్రీపెట్టె అలాగే పట్టుకుని నిలబడిపోయా. చొక్కా కాలర్ కాస్త మాడింది.

ఆ పాట 'చైల్డ్ ఆఫ్ నేచర్'. 1968లో రిషికేశ్ నుంచి తిరిగొచ్చాక తోటి బీటిల్ జార్జ్ హారిసన్ ఇంట్లో కూర్చుని టేపు మీద పాడుకున్నది. ఆ ఏడాది వచ్చిన బీటిల్స్ 'వైట్ ఆల్బమ్'‌లో దానికి చోటు దొరకలేదు. లెనన్ మాత్రం ట్యూన్‌ని వదల్లేదు. మాటలన్నీ మార్చేసి, 1971లో 'జెలస్ గై' చేశాడు. ఆ పాత టేపు అధికారికంగా బయటికొచ్చింది 2018లో. యాభై ఏళ్లు!

దీనికైనా మోక్షం దొరికింది. 1967 జనవరిలో బీటిల్స్ రికార్డు చేసిన 'కార్నివాల్ ఆఫ్ లైట్' అయితే పెట్టెలోనే ఉండిపోయింది. దాదాపు 14 నిమిషాలు. విన్న కొద్దిమందీ చెప్పేదాన్ని బట్టి అందులో ట్యూనంటూ లేదు, మోతలూ అరుపులూనే. బ్యాండులోని పాల్ మెకార్ట్నీకి మాత్రం దాన్ని జనానికి వినిపించాలని ఉంది.

నాకూ వినాలనే ఉంది, ఒక్కసారికే అయినా సరే.

చొక్కా సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.