జైలు గేటు దాటాక మొదటి రెండు వారాలు

నేను ఇక్కడ అమెరికాలో చేసే పని ఏంటంటే, డ్రగ్స్ అలవాటు ఉండి జైలుకెళ్ళినవాళ్ళకి లోపల ట్రీట్‌మెంట్ అందుతోందా, బయటికొచ్చాక అది కొనసాగుతోందా అని ఒక రీసెర్చ్ టీమ్ తరఫున ఇంటర్వ్యూలు చేయడం. చేరిన కొత్తలో ఒకతను జైల్లో మొదటి వారమంతా సిక్‌గా ఉన్నానంటే జ్వరమేమో అనుకుని అలాగే రాసుకున్నా. మా టీమ్‌లో ఒకావిడ ఉంది, తనూ ఒకప్పుడు హెరాయిన్ నుంచి బయటపడిన మనిషే, నోట్స్ చూసి కూర్చోబెట్టి చెప్పింది, వీళ్ళు సిక్ అంటే విత్‌డ్రాయల్ అని, అంటే అలవాటైన మందు ఒక్కసారిగా ఆగితే వచ్చే ఒళ్ళునొప్పులు, వాంతులు, విరేచనాలు, రాత్రుళ్ళు నిద్రుండదు. మళ్ళీ వెళ్ళి అడిగితే తెలిసింది, బయట రోజూ క్లినిక్‌లో తాగే మెథడోన్‌ని, అంటే హెరాయిన్‌లాంటి వాటి అలవాటుకి ట్రీట్‌మెంట్‌గా ఇచ్చే మందుని, జైల్లో అడుగుపెట్టిన రోజే ఆపేశారట.

మెథడోన్, అలాంటిదే ఇంకో మందు బ్యూప్రెనార్ఫిన్ అంటే ఒక మత్తు పోయి ఇంకో మత్తు అనేవాళ్ళు ఇప్పటికీ చాలామందే ఉన్నారు, నేను మాత్రం అస్సలు ఒప్పుకోను. లోపల నెలల తరబడి డ్రగ్స్ వాడకపోతే ఒంటికి తట్టుకునే శక్తి పడిపోతుంది, కోరిక మాత్రం అలాగే ఉంటుంది, బయటికొచ్చి పాత డోసే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. వాషింగ్టన్ రాష్ట్రంలో 1999 నుంచి 2003 దాకా విడుదలైన 30 వేల మందిని చూసిన స్టడీ 2007లో వచ్చింది, మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో పోయే ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు అని తేలింది. ఆ నంబర్ చదివిన రోజు నాకు వేరే పని చేయబుద్ధి కాలేదు. అదే రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో 2016లో జైళ్ళలోనే ఈ మందులు ఇవ్వడం మొదలుపెట్టారు, ఏడాది తిరిగేసరికి విడుదలైనవాళ్ళలో ఓవర్‌డోస్ చావులు 60 శాతం తగ్గాయి. మరి మిగతా చాలా చోట్ల ఎందుకివ్వరు?

డబ్బు సంగతి ఒకటుంది. పేదవాళ్ళకి వైద్యం ఖర్చు భరించే మెడికెయిడ్ 1965లో మొదలైనప్పటినుంచీ జైల్లో ఉన్నవాళ్ళకి దాదాపు వర్తించదు, బయటికొచ్చాక మళ్ళీ యాక్టివ్ అవ్వాలి, ఆ గ్యాప్‌లోనే మనుషులు పోతారు. విడుదలకి 90 రోజుల ముందునుంచే కొన్ని సేవలకి అది వాడుకునే అనుమతి 2023 జనవరిలో అందరికన్నా ముందు కాలిఫోర్నియాకి వచ్చింది.

ఇంటర్వ్యూకి ముందు కన్సెంట్ ఫారం చదివి వినిపిస్తాం, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పెరోల్ మీద ఏ ప్రభావం ఉండదని చెప్తాం. అయినా దాదాపు అందరూ అడిగేది ఒకటే, ఇది జడ్జికి వెళ్తుందా అని. వీసా మీద బతుకుతున్నదాన్ని, ఒక సంతకం వెనక ఎంత భయం ఉంటుందో నాకు తెలుసు, అందుకే ఎన్నిసార్లు అడిగినా మొదటినుంచీ చెప్తాను, తొందరపెట్టను.

కష్టమంతా ఫాలోఅప్‌లోనే. ఇచ్చిన నంబర్‌కి చేస్తే ఒక్కోసారి వాళ్ళమ్మ ఎత్తుతుంది, ఆ గొంతు వినగానే విషయం అర్థమైపోతుంది. ఈమధ్య మా ఫారంలో విడుదలైంది ఏ రోజు (సోమవారమా, శుక్రవారమా), ఏ టైంకి అన్నది కూడా రాయాలని పట్టుబట్టి పెట్టించాను, ఎందుకంటే శుక్రవారం సాయంత్రం వదిలిన మనిషికి సోమవారం పొద్దుటిదాకా తలుపు తీసే క్లినిక్ దొరకడం చాలా కష్టం.