పేరుకీ విలువకీ మధ్య ఇంకొకటుంది

బాలాజీ కాలనీ చుట్టుపక్కల రూముల్లో ఉండి ఇంటర్వ్యూలకి ప్రిపేరయ్యే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ప్రోగ్రామింగ్‌లో క్లోజర్ గురించే, అంటే ఒక ఫంక్షన్ లోపల రాసిన ఇంకో ఫంక్షన్ బయటిదాని వేరియబుల్‌ను పట్టుకుని ఉండటం. "అన్నా, బయటి ఫంక్షన్ పని అయిపోయినాక కూడా దాని వేరియబుల్ ఎట్లా బతికుంటుంది?" లోపలి ఫంక్షన్ గుర్తుపెట్టుకుంటుంది అని నోట్స్‌లో రాసిచ్చేస్తారు. దేన్ని గుర్తుపెట్టుకుంటుంది మరి, పేరునా, విలువనా? రెండూ కాదు.

తిరుమలలో లాకరు తీసుకున్నామనుకోండి, ఒకే లాకరుకి నా దగ్గరొక తాళంచెవి, మా ఆవిడ దగ్గరొకటి. ఆమె వెళ్ళి పాత బ్యాగు తీసేసి కొత్తది పెట్టొస్తే, తర్వాత నేను తెరిచినప్పుడు కనిపించేది కొత్తదే. నా చేతిలో ఉన్నది బ్యాగు కాదు కదా, లాకరు తాళంచెవి. ఇక్కడ బ్యాగంటే విలువ.

పైథాన్‌లో ఆ లాకరు నిజంగానే ఒక ఆబ్జెక్టు, పేరు సెల్. కౌంటర్ అనే ఫంక్షన్‌లో లెక్క = 0 అని పెట్టి (పైథాన్ 3లో పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, ఎవరూ పెట్టరు గానీ), దాని లోపల పెంచు, చూపు అని రెండు ఫంక్షన్లు రాసి రెండింటినీ రిటర్న్ చేయండి. పెంచును మూడుసార్లు పిలిస్తే చూపు 3 అంటుంది. ఇప్పుడు రెండింటి డండర్ క్లోజర్‌లోనూ (__closure__, ఫంక్షన్ పట్టుకున్న సెల్స్ ఉండే చోటు) మొదటి ఐటమ్ తీసి ఈజ్‌తో (is, రెండూ ఒకే ఆబ్జెక్టా అని చూసేది) పోల్చండి, ట్రూ వస్తుంది, అంటే ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకటే సెల్. 0 అనే ఇంటిజర్ మారలేదు, అది మారదు కూడా. మారింది సెల్ దేన్ని చూపిస్తోందో అది. కౌంటర్‌ను మళ్ళీ పిలిస్తే కొత్త సెల్, కొత్త లెక్క.

అన్ని వేరియబుల్స్‌కీ ఈ మర్యాద దొరకదు. లోపలి ఫంక్షన్ ఎవరైనా వాడుకుంటేనే సెల్, లేదంటే మామూలు లోకల్, ఇది కంపైల్ చేసేటప్పుడే తేలిపోతుంది. పెంచులో నాన్‌లోకల్ అని (ఈ పేరు బయటి ఫంక్షన్‌ది అని చెప్పే కీవర్డ్) రాయకపోతే అది లెక్కను తన సొంత లోకల్ అనుకుని ఎర్రర్ కొడుతుంది. ఆ కీవర్డ్ వచ్చింది 2008లో, పైథాన్ 3.0తో. అంతకుముందు జనం ఏం చేసేవాళ్ళంటే, లెక్కను ఒక్క ఐటమ్ ఉన్న లిస్టులో పెట్టి ఆ ఐటమ్‌ను మార్చేవాళ్ళు. అంటే సెల్‌ను చేత్తో తయారు చేసుకున్నట్టేగా!

ఇది పట్టుబడితే ఆ ఫేమస్ లూపు ప్రశ్నకి టెన్షన్ అక్కర్లేదు. ఫంక్షన్ లోపల ఐ అనే వేరియబుల్‌తో రేంజ్ 3 మీద (అంటే 0, 1, 2) లూపు తిప్పి, ఐని రిటర్న్ చేసే లాంబ్డాలు (పేరులేని చిన్న ఫంక్షన్లు) మూడు లిస్టులో వేసుకుని, లూపు అయ్యాక పిలిస్తే మూడూ 2 అనే అంటాయి, ఎందుకంటే లాంబ్డాలు మూడున్నా సెల్ ఒక్కటే. జావాస్క్రిప్ట్ 2015లో లెట్ అనే కీవర్డ్ తెచ్చి ప్రతి చుట్టుకీ కొత్త బైండింగ్, అంటే కొత్త లాకరు లాంటిది, ఇచ్చింది. గో భాష అయితే 2024 ఫిబ్రవరిలో 1.22 వెర్షన్‌తో ఏకంగా లూపు అర్థాన్నే మార్చేసింది, నా లెక్కలో మంచి పనే చేశారు. పైథాన్‌లో మాత్రం ఇప్పటికీ ఆ చుట్టులోని విలువ కావాలంటే డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా ఐ = ఐ అని పెట్టడం లాంటి ఉపాయమేదో చేసుకోవాల్సిందే.

రూబీ భాష ఇంకా ముందుకెళ్ళి, బైండింగ్ అనే మెథడ్‌ను పిలిస్తే చాలు, ఆ చోటున్న లోకల్ వేరియబుల్స్ అన్నింటినీ ఒకే ఆబ్జెక్టుగా చేతిలో పెడుతుంది. పైథాన్‌లోనూ 3.7 నుంచి సెల్ కంటెంట్స్‌లోకి బయటినుంచే రాయొచ్చు, పెంచు జోలికి పోకుండా లెక్కను 100 చేసేయొచ్చు. నేర్చుకోడానికి ఒకసారి చేసి చూడండి, ఆఫీసు కోడ్‌లో ఎవరైనా రాస్తే మాత్రం రివ్యూలో నేను ఒప్పుకోను.