కళ్ళు మూసుకుంటే నేల జారిపోయింది

బండి మీంచి పడి ఇవాళ్టికి ఆరు వారాలు. హెల్మెట్ ఉంది, రక్తం రాలేదు, సీటీ స్కాన్ నార్మల్. మూడో రోజు స్నానం చేస్తూ మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూశాను. నేల ఒక్కసారిగా పక్కకి ఒరిగినట్టయింది. కుళాయి పట్టుకుని నిలబడ్డాను. భయమేసింది.

ఫిజియోథెరపిస్ట్ చెప్పాక అర్థమైంది. మనల్ని నిలబెట్టడానికి మెదడు మూడు చోట్ల నుంచి కబుర్లు తెప్పించుకుంటుంది: లోపలి చెవి, కళ్ళు, పాదాలూ కీళ్ళూ. తలకి గట్టి అదురు తగిలితే ఆ మూడింటినీ కలిపే లెక్క తప్పొచ్చు. ఆ తేడా మామూలు స్కాన్‌లో కనబడదు. అలాంటప్పుడు చాలామందికి మెదడు కళ్ళనే ఎక్కువ నమ్ముకుంటుందట. నాకూ అంతే. సిగ్నల్ దగ్గర పక్క బస్సు ముందుకి కదిలితే ఆటోలో కూర్చున్న నేను వెనక్కి పోతున్నట్టుంటుంది. సూపర్‌మార్కెట్ అరల మధ్య నడవలేను. ఫోన్‌లో పోస్టులు పైకి జరుపుతుంటే కడుపులో తిప్పుతుంది. "చూడ్డానికి బాగానే ఉన్నావుగా" అని ఎవరైనా అంటే ఏడుపొస్తుంది, నిజంగా.

దీనికి వ్యాయామంగా రోజూ చేతి బొటనవేలు ఎదురుగా పెట్టుకుని, చూపు దాని మీదే నిలిపి, తల అటూ ఇటూ తిప్పుతున్నాను. మొదట్లో 10 సార్లకే వికారం. ఇప్పుడు 30 దాకా వచ్చాను.

స్నానానికి వెళ్తే అమ్మ బయటే నిలబడి, "గడియ పెట్టుకోకు నాన్నా" అంటుంది. నిన్న గోడ పట్టుకోకుండా, కళ్ళు మూసుకుని తల మీద నీళ్ళు పోసుకున్నాను. లోపల్నించే అరిచి చెప్పాను ఆవిడకి.