సైన్సు చరిత్రలో పీహెచ్‌డీ: క్లోరోఫాం ఫైళ్లతో మొదలు

సైన్సు చరిత్ర, తత్వశాస్త్రాల్లో పరిశోధన చేయాలనుకునే హైదరాబాదీలకు నేను ముందు చెప్పే అంశం క్లోరోఫాం కమిషన్లే, అంటే ఆపరేషన్లలో మత్తుకు వాడిన క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చడానికి హైదరాబాద్‌లో వేసిన రెండు విచారణ బృందాలు. 1888లో, మళ్లీ 1889లో, నిజాం ప్రభుత్వ అండతో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడ జంతువుల మీద, ముఖ్యంగా కుక్కల మీద, ప్రయోగాలు చేయించారు. క్లోరోఫాంతో ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, కాబట్టి ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలని తేల్చారు. అది తప్పు. మోతాదు మించితే ఊపిరి ముందు ఆగే మాట నిజమే. కానీ తేలికపాటి మత్తులోనే గుండె లయ చెదిరి ప్రాణం పోవచ్చని 1911లో ఇంగ్లండ్ డాక్టరు లెవీ పిల్లుల మీద చూపించారు. వందల ప్రయోగాలు చేసినా ఇది ఎందుకు కంటపడలేదు? థీసిస్‌కి ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు తెలియదు.

ముందు 1890 నాటి బ్రిటిష్ వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన రెండో కమిషన్ నివేదిక చదవండి. తర్వాత తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. ఉర్దూ, ఫారసీ రాకపోతే ఇంగ్లిషు ఫైళ్లే దిక్కు, కథ సగమే తెలుస్తుంది. గొలుసుకట్టు రాతకు కళ్లు అలవాటు పడాలి, దానికి సమయం కేటాయించుకోండి. ఫైళ్ల మీద ఉండే ఫస్లీ (నిజాం పాలనలో వాడిన రెవెన్యూ క్యాలెండర్) సంవత్సరానికి 590 కలిపితే దాదాపు క్రీస్తు శకం వస్తుంది. దాన్ని హిజ్రీ అనుకుంటే తేదీలన్నీ తారుమారే. ఫోటో తీసిన ప్రతి కాగితానికీ శాఖ, ఫైలు నంబరు, తేదీ అక్కడికక్కడే నోట్సులో రాసుకోండి.