29 వారాలకే పుట్టిన మా పాప నడిచింది: నా అనుభవం

మా పాప గత వారం నుంచి నడుస్తోంది. సోఫా పట్టుకుని పక్కకి జరగడం కాదు. గది మధ్యలో తనే లేచి, చేతులు రెండూ భుజాల దాకా ఎత్తి, కాళ్లు ఎడంగా పెట్టి, ఎవరి దగ్గరికి పోవాలో తేల్చుకుని మరీ పోతోంది. సంతోషంగా ఉంది. ఒళ్లుమంట కూడా ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

ఇంక్యుబేటర్, కళ్ల పరీక్ష, వినికిడి పరీక్ష, తల స్కాన్ అన్నీ గట్టెక్కాయి. మెడ నిలపడం, బోర్లా పడటం మెల్లగా వాటంతటవే వచ్చాయి. గొడవంతా ఏడాది చెకప్‌లో.

ఎదుగుదల నమోదు చేసే ఆవిడ పుట్టిన తేదీ చూసి 12 నెలలు అని రాసుకుంది.

"పట్టుకుని నిలబడుతుందా?"

"ఇంకా లేదండీ. పొట్టతో పాకుతుంది."

ఎర్ర సిరాతో 'ఎదుగుదల ఆలస్యం' అని రాసి కింద గీత గీసింది. చాలదనుకుందేమో, ఇంకో గీత గీసింది.

"11 వారాలు ముందే పుట్టిందండీ. డ్యూ డేట్ నుంచి చూస్తే తొమ్మిదిన్నర నెలలే" అన్నాను.

"సాకులు చెప్తే పిల్లలు నడవరమ్మా. పొద్దస్తమానం చంకనేసుకు తిరిగితే కాళ్లకి బలం ఎలా వస్తుంది?"

గట్టిగానే అంది. వెనక కూర్చున్న తల్లులంతా నావైపే చూశారు. ఒకావిడైతే నడక వచ్చిన తన కొడుకుని దగ్గరికి లాక్కుంది.

అది సాకు కాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఎదుగుదలని పుట్టాల్సిన తేదీ నుంచే లెక్కేస్తారు. కరెక్టెడ్ ఏజ్ అంటారు దాన్ని, రెండేళ్లు వచ్చేదాకా అదే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం పిల్లలు పట్టుకుని నిలబడటం 4.8 నుంచి 11.4 నెలల మధ్య, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా జరగొచ్చు. 12 అని రాస్తే మా పాప గడువు దాటేసింది, తొమ్మిదిన్నర అని రాస్తే బోలెడు టైముంది. ఇంత చిన్న తీసివేత రానివాళ్లని ఆ కుర్చీలో ఎందుకు కూర్చోబెడతారో! టీకాలకి పుట్టిన తేదీనే చూస్తారు కదా, ఆ అలవాటులో అని ఉంటుందిలే అని మా ఆయన వెనకేసుకొచ్చారు. నేనొప్పుకోను.

ఫిజియోథెరపిస్టు ఆ కాగితం కేసి కూడా చూడలేదు. పాపని చాప మీద వదలమని, చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నారు. రెండు చేతులూ సమానంగా వాడుతోందా, ఒక కాలు ఈడుస్తోందా అని ముందు అదే చూశారు. ఏడాది లోపే ఎప్పుడూ ఒకే చెయ్యి చాపే బిడ్డని వెంటనే చూపించాలట. తర్వాత చంకల కింద పట్టి నిలబెడితే పాప మునివేళ్ల మీద లేచి నడుము వెనక్కి విరిచింది. ఇంట్లో అందరూ "కాళ్లు చూడు, ఉక్కు!" అని మురిసిపోయేది దీనికే. నాకు మాత్రం మొదట్నుంచీ అనుమానమే.

"అది బలం కాదమ్మా, బిగువు" అన్నారాయన. కడుపులో చివరి నెలల్లో చోటు చాలక బిడ్డ ముడుచుకుని ఉంటుంది, కాళ్లూ చేతులూ దగ్గరికి ముడుచుకునే తీరు అప్పుడే కుదురుతుంది. ముందే బయటికొచ్చి వెల్లకిలా పడుకున్న పిల్లల్లో ఒళ్లు చాపే కండరాలదే పైచేయి. చాలామందికి మెల్లగా సర్దుకుంటుంది, పెరుగుతూ పోతే మాత్రం సెరిబ్రల్ పాల్సీ (మెదడుకి దెబ్బ తగిలి ఒంటి కదలికలు అదుపు తప్పే సమస్య) ఏమో చూడాలి.

ఆయన చెప్పినవన్నీ ఆటలే. పొట్ట మీద పడుకోబెట్టి ఆడించడం, మోకాళ్ల మీద నిలబెట్టడం. అన్నిటికన్నా పనిచేసింది పొట్టి పీట. దాని మీద కూర్చోబెట్టి బొమ్మని కాస్త ముందు పెట్టాలి. అందుకోబోయి పాప ముందుకు వంగగానే గాల్లో ఉన్న మడమలు నేలకి దిగేవి, ముడుచుకున్న కాలివేళ్లు ఒక్కొక్కటే విచ్చుకునేవి. ఇంట్లో బూట్లు వద్దన్నారు. ఎవరో ఇచ్చిన చక్రాల వాకర్ అటకెక్కింది. అందులో పిల్లలు మునివేళ్లతో నెట్టుకుంటూ పోతారు, నడక ఇంకా ఆలస్యమవుతుంది, ప్రమాదాలు వేరే. కెనడాలో 2004లోనే వాటి అమ్మకం నిషేధించారు. మీకెవరైనా బహుమతిగా ఇస్తే మొహమాటపడకుండా వద్దనేయండి.

ఆ తర్వాత సోఫా అంచు, గోడ, నా మోకాళ్లు... చకచకా అయిపోయాయి. పుట్టిన తేదీ లెక్కలో 17 నెలలు, అసలు లెక్కలో పద్నాలుగున్నర.

త్వరలో మళ్లీ అక్కడికే చెకప్‌కి వెళ్లాలి. నోటితో చెప్తే సాకంటారని, డ్యూ డేట్ ఉన్న డిశ్చార్జి కాగితం ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టాను, పక్కన రెండు వయసులూ నేనే పెద్దక్షరాల్లో రాశాను. మీరూ అలాగే తీసుకెళ్లండి. పాపని మాత్రం ఈసారి గుమ్మం దగ్గరే దింపేస్తా, ఆవిడ బల్ల దాకా తనే పోతుంది.