లిగ్నైట్ గీత వెనక్కి తిరిగింది

మా రాయలసీమలో బొగ్గు గనులు లేవు. ఎంటెక్ రెండో ఏడాదిలో తమిళనాడులోని నైవేలి గనుల నుంచి స్నేహితుడు ఒక గడ్డ తెచ్చి ఇచ్చేదాకా నేను లిగ్నైట్‌ను, అంటే గోధుమ బొగ్గును, ముట్టుకున్నదే లేదు. నల్లగా ఉంటుందనుకున్నాను. తడి మట్టిలా గోధుమ రంగులో ఉంది. నలిపితే పొడిపొడిగా రాలింది. ఒక పక్క చెట్టు మాను నార ఇంకా కనబడుతోంది! గనిలోంచి తీసినప్పుడు నైవేలి లిగ్నైట్ బరువులో దాదాపు సగం నీళ్లే.

అది ఎంత వేడికి అంటుకుంటుందో, ఎక్కడికి పూర్తిగా కాలిపోతుందో టీజీఏ మిషన్‌లో చూడడం నా ప్రాజెక్టు. లిగ్నైట్‌ను కుప్పపోసి వదిలేస్తే లోలోపల వేడెక్కి తనంతట తానే అంటుకోగలదు, అందుకే ఈ సంగతి తెలియడం ముఖ్యం. మిషన్ అంటే, కొలిమికి తగిలించిన అతి సున్నితమైన త్రాసు అనుకోండి. చిటికెడు పొడి పెట్టి, గాలి పంపుతూ, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడి పెంచుతూ పోతే బరువు తగ్గడాన్ని గీత గీసి చూపిస్తుంది.

మిషన్ సరిగ్గా కొలుస్తోందో లేదో చూడడానికి ల్యాబ్‌లో అన్న ముందు కాల్షియం ఆక్సలేట్ వేయించాడు. అది మూడు మెట్లుగా దిగాలి: నీళ్లు 12.3 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 19.2, కార్బన్ డయాక్సైడ్ 30.1. సరిగ్గా దిగింది. తర్వాత ఖాళీ క్రూసిబుల్‌తో ఒక రన్. వేడికి గాలి పలచబడితే ఖాళీ గిన్నె బరువు కూడా మారినట్టు కనబడుతుంది, దాన్ని తర్వాత తీసేయాలి.

అసలు కష్టం లిగ్నైట్‌తో మొదలైంది. ఏప్రిల్ నెల, అనంతపురం ఎండ. పొడి కొట్టి జిప్ కవర్‌లో పెట్టాను. సోమవారం వేస్తే నీళ్లు 19 శాతం, గురువారం అదే కవర్‌లోంచి తీసి వేస్తే 13. తీసిన ప్రతిసారీ మా పొడిగాలి దాన్ని ఆరబెట్టేస్తోంది. నీళ్ల శాతం మారితే మిగతా శాతాలన్నీ తప్పే కదా. మేడమ్‌కు చూపించాను. గడ్డలోని అసలు నీళ్లను విడిగా ఓవెన్‌లో కొలవమన్నారు. మిషన్‌లో ముందు నైట్రోజన్ కింద 105 డిగ్రీల దగ్గర అరగంట ఆపి, ఆరిన బరువునే నూరుగా తీసుకుని, అప్పుడు గాలికి మార్చమన్నారు. మామూలు గాలిలో ఆరబెడితే లిగ్నైట్ ఆక్సిజన్ పట్టుకుని కొంచెం మారిపోతుందట. ఈ ఒక్క మార్పుతో రన్‌లు ఒకదానికొకటి కలవడం మొదలైంది.

ఆ తర్వాతే నన్ను బాగా టెన్షన్ పెట్టిన గీత వచ్చింది. 380 డిగ్రీల దగ్గర నిటారుగా పడి, కుడివైపుకు, అంటే ఎక్కువ వేడివైపుకు, పోకుండా వెనక్కి తిరిగి కొక్కెంలా వంగింది. వేడి పెరుగుతుంటే ఉష్ణోగ్రత తగ్గడమేమిటి? మిషన్ పాడైందని భయపడ్డాను. అన్న స్క్రీన్ చూసి, "ఎంత పెట్టినావు పా?" అన్నాడు. ఇరవై మిల్లీగ్రాములు. "కొలిమి వేడి కాదిది, నీ బొగ్గు వేడి. ఐదు పెట్టు, పలచగా పరుచు."

అంత పొడి ఒక్కసారిగా అంటుకుని, తన మంటతోనే కొలిమి కన్నా ముందుకు దూసుకెళ్లింది. మంట తగ్గాక కొలిమి వేడికి తిరిగి దిగింది. అదే కొక్కెం. ఐదు మిల్లీగ్రాములకు తగ్గించగానే గీత నున్నగా దిగింది. అప్పటిదాకా రాసుకున్న అంటుకునే ఉష్ణోగ్రతలన్నీ కొట్టేశాను. రెండు వారాల పని పోయింది, బాధేసింది. కానీ ఆ అంకెలు లిగ్నైట్‌వి కావు, నేను కుప్పగా పోసిన తీరువి.

తర్వాత నిమిషానికి 5, 10, 15 డిగ్రీల చొప్పున మూడు వేగాలతో చేశాను. వేగం పెరిగేకొద్దీ, గరిష్ఠంగా మండే చోటు కుడివైపుకు జరుగుతుంది. ఆ జరుగుదలతో కిస్సింజర్ పద్ధతిలో యాక్టివేషన్ ఎనర్జీ, అంటే మండే చర్య జరగడానికి దాటాల్సిన కనీస శక్తి, లెక్కకడతారు. మూడు చుక్కలూ దాదాపు ఒకే గీత మీద కూర్చున్న రాత్రి పదకొండింటికి మా అమ్మకు ఫోన్ చేశాను. పొయ్యిలో శెనక్కాయ పొట్టు ఎంత తొందరగా అంటుకుంటుందో ఆమె ఎప్పుడూ చెబుతుంటుంది. "మా పొట్టు కూడా వేసి చూడు నాయనా" అంది.

సంచిలో పంపింది. పొడి కొట్టి, జల్లించి పెట్టాను. వచ్చే వారం లిగ్నైట్‌తో కలిపి వేస్తాను, ఐదే మిల్లీగ్రాములు.